హస్త నుంచి అనూరాధ దాకా: పెరట్లో ఊరికే కూర్చోవడం ఎలా

మైండ్‌ఫుల్‌నెస్ (జరుగుతున్నదాన్ని ఎరుకతో గమనించడం) గురించి ఎక్కడ చూసినా, శరదృతువు అనగానే ఒకే బొమ్మ కనిపిస్తుంది. ఎర్రగా పండిన ఆకులు, వాటి మీద మెల్లగా నడిచే మనిషి, చెట్టు ఆకుని వదిలినట్టు మీరూ మీ బాధల్ని వదిలేయండి అని కింద ఒక మాట. చలిదేశాల తోటలకి అది సరిపోతుంది. నెల్లూరు జిల్లాలో అక్టోబరులో పెరట్లోకి వెళ్తే మాత్రం రాలే ఆకు కోసం వెతుక్కోవాలి. మనకి ఆకు రాలేది శిశిరంలో, సంక్రాంతి దాటాక. ఆశ్వయుజం, కార్తీకం మనకి వాన కోసం ఎదురుచూసి ఎదురుచూసి ఉన్న నేల పచ్చబడే నెలలు. రాష్ట్రంలో చాలా జిల్లాలకి జూన్‌లో వచ్చే నైరుతి వానలే పెద్ద వానలు, మన వైపు అసలు వాన అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్యం నుంచి, సముద్రం మీదుగా వస్తుంది. గోదావరి జిల్లాల్లో కోతల మాట నడిచే రోజుల్లో మన పెన్నా డెల్టాలో నారుమళ్లు పోస్తుంటారు. కాబట్టి వేరేవాళ్ల తోటని తలుచుకుంటూ కళ్లు మూసుకుని కూర్చోవడం కంటే, మన పెరట్లో ఇప్పుడు ఏం జరుగుతోందో కళ్లు తెరిచి చూడటం మేలు.

నేను ఉండేది కావలికీ అల్లూరుకీ మధ్య ఒక ఊళ్లో. రొయ్యల చెరువుల లెక్కలు రాయడం నా పని. ఈ పని తెలిసినవాళ్లకి అక్టోబరు, నవంబరు ఎలా ఉంటాయో చెప్పక్కర్లేదు. గట్టి వాన పడితే చెరువు నీళ్లలో ఉప్పు తగ్గుతుంది, కరెంటు పోతే నీళ్లలోకి గాలి పంపే ఏరేటర్లు ఆగుతాయి, రాత్రి రెండింటికి ఫోను మోగితే ఎత్తకముందే గుండె దడదడలాడుతుంది. బీపీ మాత్రలు మొదలుపెట్టిన రోజు డాక్టరుగారు టెన్షన్ తగ్గించుకోమన్నారు. ఎలా తగ్గించుకోవాలో నాకు తెలియలేదు. 2020 నుంచి ప్రతి శరత్తులో తెల్లారగట్ల పెరట్లో కూర్చుంటున్నాను. దాని వల్ల చెరువుల కష్టాలేమీ తగ్గలేదు గానీ నిద్ర కుదుటపడింది, ఫోను మోగినప్పుడు ఒక ఊపిరి తీసుకుని ఎత్తడం అలవాటైంది. ఏం చేస్తే నాకు కుదిరిందో అది మీకు చెప్తాను, మీ పెరడుని బట్టి మార్చుకోండి.

ముందు కార్తెలు చూసుకోండి

గోడకి వేలాడే తెలుగు క్యాలెండర్‌లో కార్తెలు ఉంటాయి. కార్తె అంటే సూర్యుడు ఒక నక్షత్రంలో ఉండే రోజులు, 13 లేదా 14. సెప్టెంబరు 27 ప్రాంతంలో హస్త వస్తుంది, అక్టోబరు 10, 11కి చిత్త, 24కి స్వాతి, నవంబరు 6కి విశాఖ, 19కి అనూరాధ, డిసెంబరు 2కి అదీ అయిపోతుంది. ఒక రోజు అటూ ఇటూ ఉండొచ్చు. మొత్తం ఐదు కార్తెలు, తొమ్మిదిన్నర వారాలు.

నెలల లెక్క కాకుండా కార్తెల లెక్క ఎందుకంటే, మన మాసాలు చంద్రుణ్ని బట్టి జరుగుతాయి, ఒక ఏడు దీపావళి అక్టోబరులో వస్తే ఇంకో ఏడు నవంబరులో వస్తుంది. కార్తెలు సూర్యుణ్ని బట్టి కాబట్టి ఏటా దాదాపు అవే తేదీలు. నిరుడు స్వాతిలో పెరడు ఎలా ఉంది, ఈ ఏడు ఎలా ఉంది అని చూసుకోవడానికి ఇదే సరైన కొలత. రైతులు వీటిని పట్టుకుని ఉన్నదీ అందుకే.

మైండ్‌ఫుల్‌నెస్ అనే మాట కొత్తగా ఉండొచ్చు గానీ సంగతి పాతదే. బౌద్ధులు పాళీ భాషలో దాన్ని సతి అన్నారు, జరుగుతున్నదాన్ని జరుగుతుండగానే ఎరుకతో చూడటం. ప్రకాశం జిల్లాలో గుండ్లకమ్మ ఒడ్డున చందవరం దగ్గర బౌద్ధ స్తూపం ఉంది, అంటే ఈ సాధన చేసినవాళ్లు ఒకప్పుడు మన నేల మీదే తిరిగారు. వాళ్లకి వర్షావాసం అని ఒక నియమం ఉండేది, వానల్లో మూడు నెలలు ఊళ్లు తిరగకుండా ఒకే చోట ఉండాలి. ఆ రోజుల్లో తిరిగితే కొత్తగా మొలిచిన పచ్చికా చిన్న చిన్న పురుగులూ కాళ్ల కింద నలిగిపోతాయని దానికి కారణంగా చెప్తారు. ఇప్పటి వైద్యంలోకి ఇది వచ్చింది మాత్రం 1979లో, అమెరికాలో జాన్ కబట్-జిన్ అనే ఆయన మసాచుసెట్స్ విశ్వవిద్యాలయ వైద్య కళాశాలలో దీన్ని శిక్షణగా మొదలుపెట్టాడు, ఇప్పుడు దాన్ని ఎనిమిది వారాలు నేర్పుతారు. మన ఐదు కార్తెలు అంతకన్నా పది రోజులు ఎక్కువే.

చోటు, వేళ

పెరట్లో ఒకే చోటు చూసుకోండి, రోజుకొక చోటు వద్దు. మా ఇంట్లో బావి గట్టుకీ పారిజాతానికీ మధ్య ఒక మూల ఉంది, అక్కడ చిన్న పీట వేసుకుంటాను. కింద కూర్చోలేనివాళ్లు కుర్చీ వేసుకోండి, అరికాళ్లు నేలకి ఆనితే చాలు. వీలైతే ఉత్తరం వైపు ముఖం ఉండేలా కూర్చోండి, ఎందుకో కిందకి వెళ్లాక చెప్తాను.

వేళ తెల్లారగట్ల. అక్టోబరు మొదట్లో మనకి ఆరు గంటలకి కాస్త అటూ ఇటూగా పొద్దు పొడుస్తుంది, దానికి పది నిమిషాల ముందు వెళ్లి, పొడిచాక పది నిమిషాలకి లేవండి. ఇరవై నిమిషాలు. అంతసేపు కుదరకపోతే పది నిమిషాలైనా సరే, వేళ మాత్రం మార్చకండి.

ఫోను ఇంట్లో పెట్టి రండి. నా పనిలో అది కష్టమని తెలుసు, అందుకే ఆ ఇరవై నిమిషాలు ఫోను మా ఆవిడ చేతిలో ఉంటుంది, చెరువు దగ్గర నుంచి వస్తేనే పిలుస్తుంది.

రెండు జాగ్రత్తలు. వానాకాలం కాబట్టి పాములూ తేళ్లూ మెట్ట చోటు వెతుక్కుంటూ ఇళ్ల దగ్గరికి వస్తాయి. చీకట్లో టార్చి వేసి నేల చూసుకుంటూ వెళ్లండి, చెప్పులు వేసుకోండి, పీట ఎత్తి కింద చూసి అప్పుడు కూర్చోండి. ఇంకొకటి దోమలు. డెంగీ దోమ పగటి పూట కుడుతుంది, పొద్దున్నా సాయంత్రం ముందూ ఇంకా ఎక్కువ. నిండు చేతుల చొక్కా వేసుకోండి, కుండీల కింద పళ్లేల్లో నిలిచిన నీళ్లు వారానికి ఒకసారైనా పారబోయండి.

హస్తలో ఏ పనీ చేయకండి

మొదటి కార్తె అంతా ఇదే, ఇదే అన్నిటికన్నా కష్టం కూడా. పెరట్లోకి వెళ్లగానే మన కంటికి పనులే కనిపిస్తాయి. ఆ మూల గరిక పెరిగింది, వంగ మొక్కకి పురుగు పట్టింది, గొట్టం కారుతోంది. చెయ్యి దానంతటదే కలుపు మీదికి పోతుంది. పోనివ్వకండి. పని చేయడానికి తర్వాత వద్దురుగాని, ఈ ఇరవై నిమిషాలు రెండు చేతులూ ఒళ్లో ఖాళీగా ఉండాలి.

కూర్చున్నాక మూడు ఊపిర్లు గమనించండి, ముక్కు దగ్గర చల్లగా లోపలికి పోయేదీ వెచ్చగా బయటికి వచ్చేదీ. తర్వాత అరికాళ్ల కింద నేల ఎలా ఉందో చూసుకోండి. తర్వాత చెవులు. దగ్గరి చప్పుడు ఒకటి, దూరపు చప్పుడు ఒకటి పట్టుకోండి. మాకు దగ్గర్లో పంపు కింద బిందెలో పడే చుక్క, దూరంగా హైవే లారీలు, మధ్యలో ఎక్కడో జెముడు కాకి. ఆ తర్వాత కళ్లు ఒక మొక్క మీద పెట్టండి. ఒక్కటే మొక్క.

రెండు నిమిషాలు తిరక్కుండానే మనసు ఎటో పోతుంది. నాది మేత బిల్లుల దగ్గరికి పోతుంది. పోయిందని తెలిసినప్పుడు దానికి ఒక పేరు పెట్టండి, లెక్కలు అనో, పిల్ల ఫీజు అనో, నిన్నటి గొడవ అనో, అంతే, మళ్లీ అరికాలి దగ్గరికి రండి. ఇరవై సార్లు పోతే ఇరవై సార్లు రండి. మనసు పోవడం తప్పు కాదు, పోయిందని కనిపెట్టడమే ఇక్కడ సాధన.

మొదటి వారంలో గోడ అవతల నుంచి పెద్దమ్మ చూసి, “ఏం చేస్తా ఉండావు నాయనా పొద్దన్నే, ఒంట్లో బాగలేదా?” అని అడిగింది. మన ఊళ్లలో మగవాడు పని లేకుండా పెరట్లో కూర్చుంటే జబ్బనుకుంటారు, ఆడవాళ్లు కూర్చుంటే అసలు ఊరుకోరు. ముందే ఇంట్లో వాళ్లకి చెప్పి పెట్టుకోండి, ఈ ఇరవై నిమిషాలు నన్ను పిలవొద్దని. ఆడవాళ్లకి ఇది ఇంకా ముఖ్యం. కాఫీ పది నిమిషాలు ఆలస్యమైతే ఎవరికీ ఏమీ కాదు.

గాలి ఏ చెంపకి తగులుతోంది

ఉత్తరం వైపు ముఖం పెట్టమన్నది ఇందుకే. అలా కూర్చుంటే మీ కుడి చెంప తూర్పుకి, ఎడమ చెంప పడమరకి ఉంటుంది. వేసవి నుంచి మన వైపు పడమటి గాలి పొడిగా, వేడిగా వీస్తుంది, హస్తలోనూ కొన్ని రోజులు అదే ఉంటుంది. చిత్తలోనో స్వాతిలోనో ఒక రోజు కుడి చెంపకి తడిగా, కాస్త ఉప్పగా తగులుతుంది. టీవీలో ఈశాన్య రుతుపవనాలు వచ్చాయని చెప్పే రోజుకి అది ముందూ కావచ్చు, వెనకా కావచ్చు. సముద్రానికి దగ్గరగా ఉండేవాళ్లకి తెల్లారగట్ల నేల వైపు నుంచి గాలి సముద్రం మీదికి వీస్తుంది కాబట్టి ఎడమ చెంపకే తగలొచ్చు, సాయంత్రం కూడా ఒకసారి వచ్చి చూసుకోండి.

చేయాల్సింది చాలా చిన్నది. కూర్చోగానే కళ్లు మూసుకుని, గాలి ఏ చెంపకి, ఎంత చల్లగా తగిలిందో చూసి, కళ్లు తెరవడం. రోజూ చూస్తే మార్పు తెలిసిన రోజున ఒళ్లు జలదరిస్తుంది. నేలపట్టు పక్షుల కేంద్రానికి గూడబాతులు వచ్చేదీ ఈ రోజుల్లోనే.

పారిజాతాలు ఏరడం

మీ ఇంట్లో పారిజాతం చెట్టు ఉంటే మీకు ఈ ఋతువులో వేరే గురువు అక్కర్లేదు. రాత్రి పూసి తెల్లారేసరికి రాలిపోతుంది. నేల మీద పడిన పువ్వునే ఏరి పూజకి పెట్టేది పారిజాతం ఒక్కటే అంటారు పెద్దవాళ్లు.

ముందు రోజు సాయంత్రం చెట్టు కింద ఊడ్చి పెట్టుకోండి, లేదా పాత చీర పరవండి. పొద్దున దోసిళ్లతో ఎత్తకండి, ఒక్కొక్క పువ్వూ ఏరండి. తొడిమ పట్టుకోండి, రెక్క పట్టుకుంటే నలుగుతుంది. ఆ తొడిమ ఒక చిన్న గొట్టం, కాషాయం రంగు, గోరు తగిలితే రంగు వేలికి అంటుకుంటుంది, పూర్వం దానితో పట్టుబట్టలకి రంగు వేసేవారు. రెక్కలు లెక్కపెట్టండి. ఐదు ఉండొచ్చు, ఆరు, ఏడు, ఎనిమిది దాకా ఉండొచ్చు, అన్నీ ఒక వైపుకి మెలి తిరిగి గాలికి తిరిగే చక్రంలా ఉంటాయి. ఆకుని వేలితో రాసి చూడండి, గరుకు కాయితంలా ఉంటుంది, అంత మెత్తటి పువ్వుకి అంత మొరటు ఆకు.

ఒక పువ్వుకి ఒక ఊపిరి. వంగేటప్పుడు వదిలి, ఎత్తేటప్పుడు తీసుకోండి. నలభై పువ్వులు చాలు, ఎక్కువ పడితే మిగిలినవి ఇంట్లో పిల్లలకి వదిలేయండి.

ఒక పువ్వుని మాత్రం ఏరకుండా అక్కడే ఉంచి తొమ్మిదింటికి మళ్లీ చూడండి. ఎండ తగిలాక అంచులు ముడుచుకుని గోధుమ రంగుకి తిరుగుతాయి. దాన్ని చూసి జీవితం క్షణికం అని అనుకోబుద్ధేస్తుంది, నాకూ అనిపించేది. ఆ మాట మనసులోకి వచ్చిన మరుక్షణం పువ్వు కనపడటం మానేస్తుంది, గమనించండి. మాట వచ్చిందని తెలుసుకుని మళ్లీ అంచుల రంగు దగ్గరికి రండి. పెరడు మనకి పాఠాలు చెప్పడానికి లేదని నేను గట్టిగా నమ్ముతాను, అది దాని పని అది చేసుకుంటోంది, మనం చూస్తున్నాం.

పారిజాతం లేనివాళ్లు నందివర్ధనం, గన్నేరు, ఏదైనా పట్టుకోండి.

వాన

చిత్త చినుకు తన చిత్తమున్న చోట పడుతుందని మన సామెత. పక్క వీధిలో పడి మన వీధిలో పడదు. ఈ రోజుల్లో మబ్బు పట్టగానే అందరం ఆకాశం చూసి లెక్కలు వేస్తాం, పడుతుందా, పోతుందా, పడితే ఎంత, ఆరేసిన బట్టలేం కాను. ఆ ఎదురుచూపు ఒంట్లో ఎక్కడ ఉందో వెతకండి. నాకు దవడల్లో ఉంటుంది, పళ్లు బిగపట్టుకుని ఉంటాను. తెలిసిన వెంటనే దవడ వదులవుతుంది, కాసేపటికి మళ్లీ బిగుస్తుంది.

మొదటి చినుకులు పడ్డప్పుడు వచ్చే మట్టి వాసనని ఊరికే పోనివ్వకండి. నేలలో ఉండే స్ట్రెప్టోమైసిస్ లాంటి సూక్ష్మజీవులు జియోస్మిన్ అనే పదార్థాన్ని తయారుచేస్తాయి, చినుకు పొడి నేల మీద పడ్డప్పుడు అది గాలిలోకి లేస్తుంది. మనిషి ముక్కు దాన్ని లేశమాత్రం ఉన్నా పసిగడుతుంది, కానీ తొందరగానే అలవాటు పడిపోతుంది. అందుకే ఇది మంచి సాధన. వాసన రాగానే కళ్లు మూసుకుని, అది పోయే క్షణం పట్టుకోవడానికి చూడండి. ఐదేళ్లలో నేను ఒక్కసారి కూడా పట్టుకోలేదు, ఉన్నట్టే ఉంటుంది, చూస్తే లేదు.

వాన పెరిగాక వసారాలోకి వచ్చి చెవులతో పెరడు చూడండి. అరటాకు మీద పడే వాన ఒక రకం, రేకుల మీద ఒక రకం, బావిలో నీళ్ల మీద పడేది ఇంకో రకం, బొప్పాయి ఆకు మీద నుంచి జారి కింద ఆకు మీద పడే రెండో చుక్క ఉంటుంది చూడండి, అది ఆలస్యంగా, లావుగా పడుతుంది. ఒక్కొక్క దాని మీద అర నిమిషం చెవి పెట్టి ఇంకో దానికి మారండి. వాన ఆగాక అయిదు నిమిషాలు లేవకండి, చెట్ల కింద వాన ఇంకా కురుస్తూనే ఉంటుంది, తర్వాత కప్పలు మొదలుపెడతాయి. ఉరుములూ మెరుపులూ ఉంటే మాత్రం చెట్టు దగ్గరా గట్టు దగ్గరా ఉండకండి, ఇంట్లోకి వచ్చేయండి.

మెంతులు, ధనియాలు ఒకే రోజు చల్లండి

స్వాతి వచ్చేసరికి చేతులకి పని ఇవ్వొచ్చు. రెండు వెడల్పాటి కుండీలు తీసుకోండి, మట్టీ ఇసుకా పశువుల ఎరువూ కలిపి నింపండి. ఒకదాంట్లో మెంతులు, ఇంకోదాంట్లో ధనియాలు.

ధనియం గింజలా కనిపిస్తుంది గానీ అది రెండు గింజలు కలిసిన కాయ. బండ మీద పోసి చపాతీ కర్రతో మెల్లగా అదిమితే రెండు బద్దలుగా విడిపోతుంది, గట్టిగా నొక్కితే పొడైపోతుంది. చెయ్యి ఎంత బరువు వేయాలో కళ్లు మూసుకుని చేస్తే బాగా తెలుస్తుంది, పటుక్కున చిన్న చప్పుడు వస్తుంది, వాసన వస్తుంది, అక్కడ ఆపాలి. కూరలోకి దంచేటప్పుడు వంద సార్లు విన్న చప్పుడే, వినడం మాత్రం అదే మొదటిసారి అనిపిస్తుంది. అర అంగుళం లోతున చల్లి మట్టి కప్పండి, పెద్ద వాన వచ్చేలా ఉంటే గోనె పట్టా కప్పండి, లేకపోతే గింజలన్నీ ఒక మూలకి కొట్టుకుపోతాయి.

మెంతులు మూడు నుంచి ఐదు రోజుల్లో వచ్చేస్తాయి. మెడ వంచుకుని మట్టిని ఎత్తుకుంటూ వస్తాయి, కొన్నిటికి గింజ పొట్టు ఇంకా తల మీదే ఉంటుంది. పక్క కుండీలో ఏమీ ఉండదు. ఎనిమిది రోజులు, పది రోజులు, చలి తగిలితే పదిహేను కూడా పట్టొచ్చు. ఆ కుండీ ముందు కూర్చోండి. నా మాట వినండి, ఏమీ లేని ఆ మట్టిని రోజూ రెండు నిమిషాలు చూడండి. వేలితో కదిపి చూద్దామనిపిస్తుంది, పాత ధనియాలేమో, కుళ్లిపోయాయేమో, మళ్లీ చల్లుదామా అనిపిస్తుంది, ఆ తొందర వేలి చివర నిజంగానే జివ్వుమంటుంది. దాన్ని చూస్తూ చెయ్యి ఒళ్లోనే ఉంచండి. రాత్రి రెండింటికి ఫోను మోగుతుందేమోనని నేను మేలుకుని ఉండేది సరిగ్గా ఇలాంటి తొందరతోనే అని నాకు ఆ కుండీ దగ్గరే తెలిసింది.

వచ్చిన రోజు మోసపోకండి, కొత్తిమీర తొలి రెండాకులు సన్నగా పొడుగ్గా గడ్డిలా ఉంటాయి, కలుపని పీకేస్తారు.

చామంతి మొగ్గ

విశాఖ కార్తెకి చామంతిని చూడండి. చామంతి మొగ్గ వేసేది రాత్రి పొడవుని బట్టి. సెప్టెంబరు ఆఖర్లో పగలూ రాత్రీ దాదాపు సమానం, అక్కడి నుంచి రోజూ రాత్రి కాస్త కాస్త పెరుగుతుంది, ఆ పెరుగుదల మనకి తెలియకముందే చామంతికి తెలుస్తుంది. 2022లో మా ఇంట్లో ఐదు కుండీల్లో నాలుగింటికి మొగ్గలొచ్చి గేటు పక్క కుండీకి మాత్రం రాలేదు. ఎరువు వేశాను, చోటు సరిచేశాను. ఒక రాత్రి బయట నిలబడితే కనిపించింది, వీధి దీపం వెలుగు తిన్నగా దాని మీదే పడుతోంది. దానికి రాత్రే లేదు. పెరటి మూలకి జరిపాను, నెల లోపే మొగ్గ వచ్చింది.

వారానికి ఒకసారి, ఒకే రోజున, ఒకే మొగ్గని మీ చిటికెన వేలి గోరు పక్కన పెట్టి చూడండి. ముందు మిరియపు గింజంత ఉంటుంది, తర్వాత శనగ గింజంత, తర్వాత పై పొరలు విడి పసుపు గీత కనిపిస్తుంది. గోరుతో విప్పకండి. పక్కనే డిసెంబరాలు ఉంటే అవీ ఈ రోజుల్లోనే మొదలవుతాయి. మల్లె ఆగిపోయి ఉంటుంది, దాని దగ్గరా ఒక నిమిషం కూర్చోండి, పూలు లేని మల్లె ఆకుని ఎవరూ చూడరు.

గాలివాన వచ్చినప్పుడు

మన జిల్లాల్లో శరత్తు అంటే వాయుగుండాలు కూడా. హెచ్చరిక రాగానే సాధన పక్కన పెట్టి పని చూడండి. మేడ మీద కుండీలు దించండి, అరటికి ఊతం కట్టండి, మునగ కొమ్మ పెళుసు కాబట్టి ఇంటి మీదికి ఒరిగినవి కొట్టేయండి. గాలి ఆగేదాకా పెరట్లోకి వెళ్లొద్దు.

2021 నవంబరులో, పెన్నా పొంగి పడుగుపాడు దగ్గర రైలు పట్టాల కింద మట్టి కొట్టుకుపోయిన ఆ రోజుల్లో, మా మునగ చెట్టు మొదలుకంటా విరిగి సరిగ్గా నేను కూర్చునే చోట అడ్డంగా పడింది. తెల్లారగానే కత్తి పట్టుకుని వెళ్లాను. మా అమ్మ వెనక నుంచి, “కాసేపు ఆగు నాయనా, పడిన చెట్టు యాడికి పోతాది” అంది. నిలబడ్డాను. విరిగిన చోట తెల్లగా, తడిగా, నీళ్లు పీల్చిన దూదిలా ఉంది, ఘాటైన పచ్చి వాసన. చీమలు అప్పుడే దారి కట్టాయి. కొమ్మ చివర పూలు ఇంకా తాజాగా ఉన్నాయి, వాటికి ఇంకా తెలియదన్నట్టు. నాకు ఏడుపొచ్చింది, నాన్న పెట్టిన చెట్టు అది. ఏడుపు వస్తుంటే రానిచ్చాను, గొంతులో ఎక్కడ పట్టుకుంటోందో చూస్తూ నిలబడ్డాను. పది నిమిషాలు ఉంటుందేమో. తర్వాత కత్తి తీసుకున్నాను.

మీకు అలాంటి పొద్దు వస్తే అదే చేయండి. కరెంటు తీగలు తెగి పడ్డాయేమో ముందు చూసుకుని, పడినదాని ముందు ఖాళీ చేతులతో నిలబడి, ఏం కనిపిస్తోందో చూడండి, ఆ తర్వాతే శుభ్రం చేయడం. మునగ అయితే మణికట్టంత లావున్న కొమ్మని మూడు నాలుగు అడుగులు కోసి తడి నేలలో పాతండి, వేరు పోసుకుంటుంది. మాది పోసుకుంది.

కార్తీకంలో సాయంత్రాలు

నవంబరులో ఐదున్నర దాటగానే పొద్దు కుంకుతుంది. తులసి దగ్గర దీపం పెట్టే ఇల్లయితే పెట్టాక వెంటనే లోపలికి పోకండి. ఒక నిమిషం వత్తిని చూసి, దీపానికి వీపు పెట్టి పెరడు వైపు తిరిగి కూర్చోండి. మొదట ఏమీ కనిపించదు. కంటికి చీకటి పూర్తిగా అలవాటు కావడానికి ఇరవై, ముప్పై నిమిషాలు పడుతుంది, కానీ ఐదు నిమిషాలకే నందివర్ధనం తెలుపు బయటపడుతుంది, తర్వాత బావి గట్టు అంచు, తర్వాత ఆకులకీ ఆకాశానికీ తేడా. ఏది ముందు కనిపించిందో వరస గుర్తుపెట్టుకోండి. వాన పడిన సాయంత్రమైతే దీపం చుట్టూ ఉసిళ్లు వస్తాయి, పొద్దున్నే తులసికోట మీద రాలిన రెక్కలు మాత్రం ఉంటాయి, ఒకటి తీసి వెలుగుకి పట్టి చూడండి. దీపం ఆచారం లేనివాళ్లు లైట్లు ఆపి కూర్చుంటే చాలు.

పెరడు లేకపోతే

నెల్లూరు, ఒంగోలు అపార్ట్‌మెంట్లలో ఉండేవాళ్లకి బాల్కనీలో ఒక తులసి, ఒక చామంతి, మెంతుల కుండీ ఒకటి సరిపోతాయి. అదీ కుదరకపోతే కిటికీలోంచి కనిపించే ఒక వీధి చెట్టుని పట్టుకోండి, వేపో కానుగో. బాదం చెట్టు దొరికితే అదృష్టం, మన ఊళ్లలో ఆకు నిజంగా ఎర్రబడి రాలే చెట్టు అది.

ఇంకో మాట, ఇది చాలా ముఖ్యం. కొందరికి కుదురుగా కూర్చుంటే మనసు తేలిక కాకపోగా పాత బాధలు మీద పడతాయి. అలా అయితే కూర్చోవద్దు, పెరట్లో మెల్లగా నడుస్తూ పాదాలు గమనించండి. అయినా రోజుల తరబడి నిద్ర పట్టకపోయినా, బతకాలనిపించకపోయినా దీనితో సరిపెట్టుకోకుండా డాక్టరు దగ్గరికి వెళ్లండి. 14416కి ఫోను చేస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ కేంద్రం టెలీమానస్ వాళ్లు తెలుగులో మాట్లాడతారు, డబ్బు కట్టక్కర్లేదు. బీపీ మాత్ర నేను ఇప్పటికీ వేసుకుంటున్నాను.

రోజుకొక వాక్యం

లేచి లోపలికి వచ్చాక ఒక నోట్‌బుక్‌లో ఒకే వాక్యం రాయండి. తేదీ, కార్తె, కంటితోనో చెవితోనో ముక్కుతోనో పట్టుకున్నది ఒక్కటి. అందంగా ఉంది, ప్రశాంతంగా ఉంది లాంటి మాటలు వద్దు, చూసింది మాత్రం రాయండి. నావి కొన్ని చెప్తాను. చిత్త, గాలి లేదు, పారిజాతాలు పందొమ్మిది. స్వాతి, కుడి చెంపకి గాలి, ధనియాలు ఇంకా రాలేదు. విశాఖ, రాత్రంతా వాన, బావిలో నీళ్లు రెండు ఒరలు పెరిగాయి, బిల్లుల గురించే ఆలోచించాను, ఏమీ చూడలేదు. ఆ ఆఖరిదాని లాంటివి కూడా రాయండి, దాచకండి.

అనూరాధ అయిపోయాక నోట్‌బుక్ క్యాలెండర్ పక్కన మేకుకి తగిలించండి. వచ్చే ఏడు హస్త మొదటి రోజు కొత్త పేజీ తీసి, మీరు రాయడం అయ్యాకే నిరుటి పేజీ తిప్పి చూడండి. నాది పోయినేడు ఆ రోజుది ఇలా ఉంది: హస్త, ఎడమ చెంపకి వేడి గాలి, పీట కింద తేలు, వెళ్లేదాకా నిలబడే ఉన్నాను.